నాలుగు చిల్లులు

"నాలుగు చిల్లులేగా!" ఈ మాట మా ఇంట్లో ఇంకొక్కసారి వినబడితే నేనేం చేస్తానో నాకే తెలియదు. మా అమ్మ అంటుంది, మా చిన్నన్నయ్య అంటాడు, వాళ్ళను చూసి పలకరింపుకొచ్చిన వాళ్ళూ అంటారు. ఆ చిల్లులు పడింది మా వదిన కడుపుకి. ఆవిడ మాత్రం ఏమీ అనదు. అదే నాకు ఒళ్ళుమంట.

వదినంటే చిన్నన్నయ్య భార్య. లాండ్రీలో పని. హోటళ్ళ దుప్పట్లను మిషన్లోంచి తడితడిగా లాగడం, ఆరాక మడతపెట్టడం. ఆవిడ దుప్పటి దులిపితే పక్కింటికి వినబడుతుంది. మడతపెడితే అంచుకి అంచు తప్పదు. మా ఇంట్లో తువ్వాళ్ళు కూడా కొట్లో కొత్త సరుకులా ఉంటాయి. చేతినిండా పనుంటే పాడుతుంది, అదీ మహా ఘోరంగా. మాట పడాల్సొస్తే మాత్రం నోరు మెదపదు.

కొద్ది వారాల తేడాలో మా ఇంట్లో ఇద్దరికి లివర్‌లో గడ్డలు బయటపడ్డాయి. ముందు పెద్దన్నయ్యకి, తర్వాత వదినకి. భార్య పోయినప్పటి నుంచీ పెద్దన్నయ్య వీళ్ళ దగ్గరే ఉంటున్నాడు. ఆయన గడ్డ పెద్దది, కుడివైపు వెనకాల లోతుగా ఉంది. అందుకని డాక్టరమ్మ పక్కటెముకల కిందుగా పొట్ట కోసి తీసింది. వదినది ఎడమ అంచున ఉంది కాబట్టి చిన్న రంధ్రాలు వేసి, కెమెరా పెట్టి తీసింది. పెద్దన్నయ్య చాలా రోజులు ఆసుపత్రిలోనే మూలిగాడు, దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకునేవాడు పాపం. వదిన మర్నాడే మంచం దిగి నడిచింది, తొందరగా ఇంటికొచ్చేసింది. తేడా లేదని నేనెప్పుడన్నాను?

"బయట కోత చిన్నది కాబట్టి నొప్పి తక్కువ, తొందరగా తేరుకుంటారు. కానీ లోపల లివర్‌ని కోసింది ఇద్దరికీ నిజమే. మళ్ళీ నేను చూసేదాకా బరువులెత్తకూడదు," అని డాక్టరమ్మ అందరి ముందూ చెప్పింది. చిన్నన్నయ్య చెవిలో మొదటి సగమే దూరింది.

ఇంకో సంగతి. ఆ నాలుగూ కాక ఐదోది ఉంది. కోసిన ముక్క చిల్లులోంచి రాదు కదా! పొత్తికడుపు కింద అరచేతి వెడల్పున కోసి తీశారు. ఆసుపత్రిలో తోడున్నది నేను కనక చూశాను. దాన్ని ఆవిడ ఎవరికి చూపిస్తుంది? బావగారికా? పెద్దన్నయ్య మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ చొక్కా ఎత్తి చూపించాడు. చూసినవాళ్ళు అమ్మో అన్నారు, పళ్ళు తెచ్చారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను పుట్టింటికి వెళ్ళేసరికి పెద్దన్నయ్య పొట్టకి వెడల్పాటి బెల్టు పెట్టుకుని వాలుకుర్చీలో ఉన్నాడు. వదిన తడిబట్టల బకెట్ ఒక చేత్తో మోస్తూ, రెండో చేత్తో పొత్తికడుపు పట్టుకుని, వంగిపోయి నడుస్తోంది.

"దించు! ముందు దించు వదినా!" అని అరిచాను.

"నువ్వూరుకో అమ్మాయ్, అయిపోయింది," అంది.

"ఏమే, వస్తూనే ఏమిటా కేకలు?" అంది అమ్మ. "నాలుగు చిల్లులకి ఇంకెన్నాళ్ళు కూర్చోబెడతాం? రేపట్నించి లాండ్రీకి కూడా వెళ్తోంది. వీడు యజమానికి మాటిచ్చేశాడు."

"తనకేం, బానే ఉందిగా," అన్నాడు చిన్నన్నయ్య, ఫోన్లోంచి తలెత్తకుండా.

"నీ కళ్ళేమన్నా నెత్తికెక్కాయా? ఆ తడి దుప్పట్లు నువ్వు లాగుతావా?" అన్నాను. చీమ కుట్టినట్టయినా లేదు వాడికి.

సరే, వీళ్ళకి కంటికి కనబడాలి, అంతేగా! బకెట్ అక్కడే దింపించి, వదిన రెక్క పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళాను. అలమారులో చిరిగిన తెల్ల దుప్పటి ఉంటే నిలువునా చీల్చి, పైబట్టల మీదనుంచే ఆవిడ పొట్టచుట్టూ వదులుగా, లావుగా చుట్టేశాను. "ఎందుకమ్మా ఇదంతా?" అంటూనే నిలబడింది.

బయటికి రాగానే అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో, ఏమైందే! ఇలా కూర్చోమ్మా, మెల్లగా." పెద్దన్నయ్య లేచి కుర్చీ ఇచ్చాడు. దిండు వచ్చింది, మంచినీళ్ళు వచ్చాయి. చిన్నన్నయ్య అప్పటికప్పుడు యజమానికి ఫోన్ చేసి, "రేపు తను రాలేదండీ, పెద్ద కట్టే కట్టారు," అన్నాడు. నాకు నవ్వాలో వీళ్ళను తన్నాలో తెలియలేదు.

వదిన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. ఆ తర్వాత లేచి కట్టు విప్పడం మొదలుపెట్టింది.

"విప్పకే తల్లీ!" అన్నాను, నెత్తి కొట్టుకుని.

వినలేదు. మొత్తం విప్పి, దులిపి, అంచుకి అంచు కలిపి మడతపెట్టి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యా, ఇంతసేపూ మీరు కూర్చోబెట్టింది దీన్ని. నాకు పొద్దున్నించీ నొప్పిగా ఉంది. కింద ఇంకో కోత ఉంది, మీకెవరికీ తెలియదు. డాక్టరమ్మ చెప్పేదాకా నేను లాండ్రీకి వెళ్ళను, బకెట్ ముట్టుకోను."

మళ్ళీ యజమానికి చెయ్యడానికి చిన్నన్నయ్య చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది. వదిన వాడినే చూస్తూ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చివరికి అమ్మ గుడ్డ పక్కన పెట్టి లేచి, మధ్యలో ఉన్న బకెట్ చెవి పట్టుకుని ఎత్తబోయింది. అది లేవలేదు.

"ఇంత బరువుందేమే ఇది?" అంది.

"రోజూ అంతే ఉంటుందత్తయ్యా," అంది వదిన.