ట్రైనీ పిల్ల గీసిన సుద్ద గీతలు

ఇంటర్న్‌షిప్ అట! ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఏటా డిజైన్ కాలేజీ నుంచి ఇద్దరో ముగ్గురో పిల్లలు మా బట్టల కంపెనీకి మూడు నెలల పాటు పని నేర్చుకోవడానికి వస్తారు. వచ్చినవాళ్ల చేత గుండీలు రంగుల వారీగా వేరు చేయిస్తారు, ఫొటోలు తీయిస్తారు, డిజైనర్ మేడమ్ కాఫీ కప్పు కడిగిస్తారు. గడువు తీరాక ఒక సర్టిఫికెట్ మొహాన పడేసి పంపిస్తారు. ఆ కాగితం పట్టుకుని ఆ పిల్లలు ఉద్యోగాల వేటలో పడాలి. ఏం నేర్చుకున్నారని అడిగితే ఏం చెబుతారు, నా మొహం! నేను ఇక్కడ కటింగ్ మాస్టర్ని. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే బల్ల దగ్గర నిలబడి ఈ తంతు చూస్తున్నాను.

పోయినేడు వచ్చిన పిల్ల వేరు. రెండు బస్సులు మారి వచ్చేది. వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఈ పిల్లే. బాగా చేస్తే ఇక్కడే ఉద్యోగం ఇస్తానని ఓనరు మొదటిరోజే అన్నాడు. ఆ మాట గట్టిగా పట్టుకుంది. గుండీల డబ్బా పని గంటలో ముగించి తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, నాకు కాగితం మీద గీయడం వచ్చుగానీ బట్ట కొయ్యడం రాదు. నేర్పుతారా?"

"నీకు నేర్పితే నాకేం ఒరుగుతుంది? పో, పోయి మేడమ్ దగ్గర కూర్చో."

"మేడమ్‌కి కూడా రాదు కదా మాస్టారూ!"

నవ్వు ఆపుకోలేకపోయాను. అక్కడే దొరికిపోయాను. రెండు నెలలు నా ప్రాణం తోడేసింది. "అది కత్తెరా, గరిటా?" అని తిట్టేవాణ్ని. "గరిటైతే మా అమ్మ నేర్పింది, కత్తెర మీరు నేర్పండి" అనేది. బట్ట ఎటు సాగుతుందో, దారం ఎటు పోతుందో కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చెప్పేది. ఇంటికెళ్లినా నాకు ఆ పిల్ల కబుర్లే. "మీకు ఇంకో కూతురు దొరికిందన్నమాట" అని మా ఆవిడ ఆటపట్టించేది.

మూడో నెలలో ఒక పాటల బృందం నుంచి ఆర్డరు వచ్చింది. నలభై మంది ఆడవాళ్లకు ముదురు ఆకుపచ్చ వెల్వెట్ గౌన్లు. వెల్వెట్ మీద సన్నటి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా, లేతగా కనిపిస్తుంది. ఎదురు నిమిరితే ముదురుగా. అందుకే ఒక గౌను ముక్కలన్నిటికీ నూగు ఒకే దిక్కున ఉండేలా కోస్తాం. డిజైనర్ మేడమ్ లెక్క తప్పి బట్ట తక్కువ తెప్పించింది. ఆ సంగతి ఓనరుకి చెప్పే ధైర్యం లేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, ముక్కలు సగం తలకిందులుగా పెడితే బట్ట సరిపోతుందంది.

"నూగు తిరగబడుతుంది మేడమ్. ఒకే గౌనులో రెండు రంగులు కనిపిస్తాయి" అంది పిల్ల.

"స్టేజీ మీద ఎవరు చూడొచ్చారు? నువ్వు ట్రైనీవి. గియ్యమన్నట్టు గియ్యి."

పిల్ల నా వైపు చూసింది. పిల్ల అన్నది నిజమని నాకు తెలియదా? బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. పిల్ల సుద్ద ముక్కతో గీతలు గీసింది. నేను కోశాను.

గౌన్లు వేసుకుని స్టేజీ ఎక్కితే లైట్ల కింద ఒక్కొక్కరికీ ఎడమచెయ్యి ఒక రంగు, కుడిచెయ్యి ఒక రంగు. నలభై గౌన్లూ వెనక్కి వచ్చాయి. మర్నాడు ఓనరు అందర్నీ పిలిచాడు. నేను చెప్పులు వేసుకుంటుంటే మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"మీరేం నోరు జారకండి. అల్లుణ్ని ప్యాకింగులో పెట్టించింది ఆ మేడమే. మనమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు దాని మొగుడి ఉద్యోగం ఊడగొట్టకండి."

"నీ సలహా ఎవడడిగాడు?" అని కసిరాను. అడక్కపోయినా చెవికెక్కించుకున్నాను.

ఓనరు నిప్పులు తొక్కినట్టున్నాడు. మేడమ్ ఎంత చల్లగా చెప్పిందో! "గీతలు ట్రైనీవండీ. నేను సరిచూసుకోకపోవడం నా పొరపాటే." ఆహా, ఎంత పెద్ద మనసు! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"తలకిందులుగా గియ్యమంది మేడమేనండీ. నేను వద్దన్నాను. మాస్టారు అక్కడే ఉన్నారు" అంది పిల్ల. సాక్ష్యం ఉందన్న ధీమా.

"నిజమేనా మాస్టారూ?" అన్నాడు ఓనరు.

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. అవును అంటే చాలు. ముప్పై ఒక్క ఏళ్ల మనిషిని, నా మాట ఓనరు కొట్టెయ్యడు.

"గుర్తులేదండీ" అన్నాను.

నా నోరు పడిపోను! మేడమ్ మీద పళ్లు నూరుతూనే ఆమెను గట్టెక్కించాను. ఉద్యోగం సంగతి మరిచిపొమ్మన్నాడు ఓనరు. సర్టిఫికెట్ కూడా లేదన్నాడు.

పిల్ల సంచీ భుజాన వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గుర్తులేదా మాస్టారూ?"

"నీకేం తెలుసు నా ఇబ్బందులు? ఎవరి సంసారాలు వాళ్లకుంటాయి, వెళ్లు!" అని అరిచాను. ఆ అరుపు ఎవరి మీదో నాకే తెలియదు.

సంచీ పట్టీ సరిచేసుకుంది.

"మా కాలేజీ రిపోర్టులో, పని ఎవరు నేర్పారో రాయమని ఒక గడి ఉంటుంది. అందరూ డిజైనర్ల పేర్లే రాస్తారు. నేను మీ పేరు రాశాను మాస్టారూ. నిన్ననే ఇచ్చేశాను. ఇప్పుడు కొట్టెయ్యడానికి లేదు."

మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను కత్తెర చేత్తో పట్టుకుని, బల్ల మీద బట్టేమీ లేకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాను.