పూజకు కట్టిన విల్లు

మాది కామారెడ్డి. నిరుడు దసరా ఆయుధపూజలో మా మామగారి పాత కర్ర విల్లు కూడా పెట్టాను. తాడు లేక బోసిగా కనిపించిందని, అది వంగి ఉన్న వైపే ఇంకా వంచి తాడు కట్టాను. కర్ర టిక్కుమంది. భయపడి విప్పేశాను గానీ ఎవరికీ చెప్పలేదు.

వారం తర్వాత మా అమ్మాయి రమ్యకు ఎల్లారెడ్డిలో విలువిద్య పోటీ.

“కొత్త విల్లే తీస్కపోతనే అమ్మా” అంది.

“వద్దు బిడ్డా, తాతది తీస్కపో. పూజ చేసిన, మంచిగైతది” అన్నాను. దేవుడి ముందు పెట్టింది కదా, ఏమీ కాదనుకున్నాను.

పోటీలో రమ్యే దానికి తాడు కట్టుకుంది. మూడో బాణానికి విల్లు ఫట్‌మని విరిగి, ముక్క రమ్య ముఖానికి తగిలింది. కన్ను పట్టుకుని కూలబడింది. చెయ్యి తీసి చూస్తే రెప్ప పైన చీరుకుపోయింది. కన్ను మాత్రం దక్కింది.

రమ్యకు విల్లు నేర్పే సారు విరిగిన ముక్క చూశారు. “దీన్ని ఇంతకుముందు ఎవరో ఉల్టా కట్టిండ్రు. గీ విల్లును వంపుకు ఎదురు వంచి కట్టాలె.”

“నేనే సార్, పూజకు కట్టిన. అప్పుడే టిక్కుమన్నది.”

రమ్య నన్నే చూసింది. “తెలిసి కూడ నా చేతికిచ్చినవా అమ్మా?”

కన్ను కాపాడిన స్వామికి రోజూ దండం పెడుతున్నాను. బిడ్డకు చెప్పాల్సిన మాట చెప్పకుండా భారం ఆయన మీద వేశాను కదా, తలెత్తి చూడలేకపోతున్నాను.