బు కస్మీ కుడిచెయ్యి

ప్రముజికి పెళ్ళి కాలేదు. ఇంట్లో వంట చేసుకోడు. ఇండోనేషియాలోని మడియున్‌ ఊళ్ళో రైల్వే గేటు పక్కన ఒక జెరాక్స్ కొట్లో పని. పొద్దున్నే కొట్టు తెరిచే ముందు బు కస్మీ తిండిబండి దగ్గర చెక్కబల్ల చివర కూర్చుంటాడు. అక్కడ గౌరవంగా పెద్ద ఆడవాళ్ళని 'బు' అని, మగవాళ్ళని 'పక్' అని పిలుస్తారు. ఆమె వేడి అన్నం మీద ఉడికించిన ఆకుకూరలు పరిచి, పైన పల్లీల పచ్చడి జారుగా పోసి, అరిటాకు దొన్నెలో పెట్టి ఇస్తుంది. పెచెల్ అంటే ఆ ఊళ్ళో అదే. ప్రముజి రోజు మొత్తానికి కడుపునిండా తినే తిండి కూడా అదే. ఆ బల్ల చివరి చోటు అతనిదని అందరికీ తెలుసు. వాన పడ్డా అక్కడ వేరేవాళ్ళు కూర్చోరు.

బు కస్మీ దగ్గర తినాలంటే మర్యాద తెలియాలి. ఒకసారి బైక్ టాక్సీ అబ్బాయి ఒకడు కుడిచేత్తో ఫోన్ పట్టుకుని ఎడంచెయ్యి చాపాడు. ఆమె దొన్నె వెనక్కి లాక్కుని, "నీ కుడిచేతికి తీరిక దొరికినప్పుడు రా నాయనా" అంది. ఆ తర్వాత వాడు కుడిచెయ్యే చాపాడు, రెండు చేతులూ జోడించాడు కూడా. ఆమె మాత్రం మళ్ళీ పెట్టలేదు. వాడిప్పుడు రోడ్డవతల బండి దగ్గర తింటున్నాడు. అక్కడి పచ్చడిలో పల్లీలకన్నా నీళ్ళు ఎక్కువ.

సాయంత్రాలు ప్రముజి ట్యాబ్లెట్ మీద బొమ్మలు గీస్తాడు. ఫోన్‌లో 'చోరెత్-చోరెత్' అని ఒక గుంపు ఉంది. పిచ్చిగీతలు అనే అర్థంలో వాళ్ళే పెట్టుకున్న పేరు. అందులో మందుల షాపు ఆయన ఉన్నాడు, నర్సు ఉంది, కాలేజీ పిల్లలున్నారు. బొమ్మల మీద బతికేవాళ్ళు ఒక్కరూ లేరు. నెలకో అంశం ఇస్తారు, వారం గడువు. గెలిచినవాళ్ళకి ఇచ్చేదేమీ ఉండదు, వచ్చే నెల అంశం వాళ్ళు చెప్పాలి, అంతే. ప్రముజి ఇంతవరకూ అంశం చెప్పింది లేదు.

రూల్స్ రెండే. ఒకసారి పెట్టిన బొమ్మను మార్చకూడదు. బతికున్న మనిషిని గీస్తే వాళ్ళకి చూపించి, ఒప్పుకున్నారో లేదో గుంపులో చెప్పాలి.

ఈ నెల అంశం 'నాకు అన్నం పెట్టే చెయ్యి'. ప్రముజి ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

వారమంతా బు కస్మీనే గీశాడు. ఆవిరి చాటున మొహం, బుగ్గ మీద పుట్టుమచ్చ, కాస్త పక్కకి లాగినట్టుండే మూతి, ముందుకి చాపిన దొన్నె. గీసేవాళ్ళందరికీ ఒక అలవాటుంటుంది. చాలాసేపు చూస్తే కంటికి బొమ్మలో తప్పులు ఆనవు. అందుకని ఒక మీట నొక్కి బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పుతారు. వంకరలన్నీ అప్పుడు బయటపడతాయి. సరిచేసి మళ్ళీ తిప్పుకుంటారు. ప్రముజి ఆ వారంలో ఎన్నిసార్లు తిప్పాడో అతనికే తెలీదు. ఆఖరి సాయంత్రం గడువు దగ్గరపడుతుంటే అరిటాకు ఈనెలు దిద్దుతూ కూర్చున్నాడు. దిద్దడం అయిపోగానే గుంపులో పెట్టేశాడు.

మొదటి పొగడ్తలు వచ్చేసరికి టీ పెట్టుకున్నాడు. రెండో గుక్క తాగేలోపు నర్సు రాసింది:

"బొమ్మ అదిరింది ముజి అన్నా. కానీ తినేవాడు ఏం పాపం చేశాడు? ఎడంచేత్తో పెడుతోంది!"

"కుక్కకి కూడా కుడిచేత్తోనే వేస్తారు కదరా," అని ఇంకొకడు.

ప్రముజి కప్పు కింద పెట్టి చూశాడు. ఎడంచెయ్యే.

గుంపు పెద్ద, మందుల షాపు పక్ హెర్నోవో, తాపీగా రాశాడు: "తిప్పి వెనక్కి తిప్పడం మర్చిపోయావు కదూ? గడువు అయిపోయింది ముజీ. ఇప్పుడు తిప్పినా మార్చినట్టే. రేపు ఆమెకి చూపించు. ఒప్పుకుంటే ఉంటుంది, లేకపోతే తీసెయ్."

ప్రముజి పోటీ సంగతి పెద్దగా ఆలోచించలేదు. అతని కళ్ళ ముందు తిరిగింది బైక్ టాక్సీ అబ్బాయి.

పొద్దున్న వెళ్ళేసరికి బల్ల చివర చోటు ఖాళీగానే ఉంది. కూర్చున్నాడు. బు కస్మీ ముందున్నవాళ్ళకి పెట్టింది, వెనక వచ్చినవాళ్ళకి పెట్టింది. అతని వైపు చూడలేదు. పక్కన రిక్షా తొక్కే పక్ జుమాదీ తింటూ తింటూ మోచేత్తో పొడిచాడు.

"నీ బొమ్మ చూసేసిందయ్యా. బజ్జీల బండావిడ మేనకోడలు మీ గుంపులోనే ఉందట."

ప్రముజి లేచి బండి దగ్గరికి వెళ్ళాడు. "బు, అది..."

"నేను ఎడంచేత్తో అన్నం పెడతానట," అంది ఆమె, అన్నం వడ్డిస్తూనే. "మా అమ్మ వింటే సమాధిలోంచి లేచొస్తుంది."

"బొమ్మ తిరగబడింది బు. తప్పులు కనబడాలని తిప్పి చూస్తాం."

"తిప్పావుగా. కనబడిందా?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. పక్ జుమాదీ కల్పించుకున్నాడు. "పోనీలెండి బు, కుర్రాడు."

"కుర్రాడా! చెవుల దగ్గర నెరుస్తోంది."

ప్రముజి గబగబా ట్యాబ్లెట్ తీసి, మీట నొక్కి, బొమ్మను సరిగ్గా తిప్పి ఆమె ముందు పెట్టాడు. దొన్నె కుడిచేతిలోకి వచ్చింది. బు కస్మీ గరిటె ఆపి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదెవరు?"

"మీరే బు."

"నా పుట్టుమచ్చ ఇటు ఎందుకుంటుంది? మూతి చూడు, ఎలా వంకరపోయిందో. ఎవరో నా చెల్లెల్లా ఉంది. నాకు చెల్లెలు లేదు."

"అచ్చం మీరేనండీ," అన్నాడు పక్ జుమాదీ. "రోజూ మేం చూసే మొహం ఇదే."

"నేను రోజూ అద్దంలో చూసుకునేది ఇది కాదు! నిన్న పెట్టింది చూపించు."

ప్రముజి మళ్ళీ తిప్పాడు. ఆమె మొహం కాస్త మెత్తబడింది. తల పక్కకి వంచి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, తెర మీద బుగ్గను వేలితో తాకబోయి ఆగింది.

"ఇదిగో, ఇది నేను. ఈ మొహం ఉంచు. చెయ్యి మార్చు."

"చెయ్యి మారిస్తే పోటీలో ఉండదు బు."

"పోటీలో ఎవరు అన్నం పెడతారు?"

ఆ బొమ్మకి వచ్చినన్ని మెచ్చుకోళ్ళు అతనికి మునుపెన్నడూ రాలేదు. ఈసారి గెలిచేవాడేనేమో కూడా. ఫోన్ తీసి గుంపులో రాశాడు: 'ఒప్పుకోలేదు. తీసేస్తున్నాను.' పక్ హెర్నోవో 'సరే' అని మాత్రం అన్నాడు. నర్సు ఏడుపు మొహం బొమ్మ పెట్టింది.

"తీసేశాను బు. చెయ్యి సాయంత్రం మారుస్తాను."

"సాయంత్రం నేనుండను. ఇంకో వంకర చెయ్యి పెడతావు. ఇప్పుడే మార్చు." ఒక దొన్నె చుట్టి, అన్నం పెట్టి, కూరలు పరిచి, పచ్చడి పోసి, కుడిచెయ్యి ముందుకి చాపి నిలబడింది. "ఊఁ, గియ్యి."

ప్రముజి బండికి ఆనుకుని గీయడం మొదలుపెట్టాడు. పాత చెయ్యి మొత్తం చెరిపేసి, భుజం దగ్గర్నించీ మళ్ళీ కట్టుకు రావాలి. మొహమేమో అటు తిరిగి ఉంది, చెయ్యి ఇటు రావాలి. చెమటలు పట్టాయి. వరస రోడ్డు దాకా పెరిగింది. స్కూలు పంతులమ్మ ఒకామె గడియారం చూసుకుంటూ ముందుకొచ్చింది.

"బు, ఆ దొన్నె నాదేనా?"

"కాదమ్మా, బొమ్మది."

"మరి నాది?"

"బొమ్మ అయ్యాక."

"మెడ కాస్త పొడుగ్గా వచ్చినట్టుంది," అన్నాడు పక్ జుమాదీ, తిన్న ఆకు మడిచి వెనకనుంచి తొంగి చూస్తూ.

"నువ్వు రిక్షా చూసుకో," అంది బు కస్మీ, చెయ్యి కదపకుండా. "ఏమయ్యా, అయిందా? భుజం పీకుతోంది."

"వేళ్ళు బు. వేళ్ళు మిగిలాయి."

"వేళ్ళు జాగ్రత్త. నిన్న లావుగా పెట్టావు."

అయ్యేసరికి పచ్చడి మీద తొరక కట్టింది. ఆమె బొమ్మ చూసింది, చెయ్యి చూసింది, మళ్ళీ మొహం చూసింది. బాగుందని అనలేదు. చేతిలో ఉన్న దొన్నె అతనికిచ్చింది.

"చల్లారిపోయింది. అయినా తిను. వెళ్ళి నీ చోట్లో కూర్చో, దారికి అడ్డం రాకు." పంతులమ్మ వైపు తిరిగింది. "నీకెంత కారం అమ్మా?"