తాతను నిద్రపుచ్చిన ఆదివారం

మా ఆసుపత్రిలో అందరూ భయపడేది డైరెక్టర్‌కు కాదు, మెట్ల కింద గదిలో రొద పెట్టే పాత లినక్స్ సర్వర్‌కు. దాన్ని అందరం తాత అంటాం. రోగుల వివరాలు, మందుల చీటీలు, రక్తపరీక్షలు అన్నీ దాని కడుపులోనే. ఇండోనేషియాలో మా మాగెలాంగ్ ఊళ్లో దానికంటే ముసలి యంత్రం ఉందంటే అది నా స్కూటరే.

తాత ఆలనాపాలనా చూసేది పుర్వంతి. ఆ గదికి ఎదురుగా మందుల కౌంటర్‌లో ఉంటాను కాబట్టి, ఆమె సంగతి వాళ్లాయనకంటే నాకే ఎక్కువ తెలుసు. పొద్దున్నే వచ్చి చెప్పులు బయట విడుస్తుంది. కాలిన వాసనేమైనా వస్తోందేమోనని గాలి పీలుస్తుంది. ఫ్యాన్ చప్పుడు చెవి ఒగ్గి వింటుంది. తాతకు సరిపడే విడిభాగాలు ఇప్పుడెవరూ అమ్మరు. మూతబడ్డ ఆఫీసుల నుంచి తెచ్చి పాత బిస్కెట్ డబ్బాల్లో దాచుకుంటుంది. ప్రింటర్ మొరాయించినా ఆమెనే పిలుస్తారు, టీవీ రిమోట్ పోయినా ఆమెనే.

ఆమెకున్న గర్వం ఒక్కటే. తాత ఏళ్ల తరబడి ఒక్కసారైనా ఆగలేదు. ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తున్నాడో యంత్రమే చెబుతుంది. ఆ అంకెను రోజూ తలుపు మీద సుద్దతో రాసి, పిల్లల మార్కులు చూపించినట్టు అందరికీ చూపించేది.

"ఒకసారి ఆపి మళ్లీ పెడితే ఏం పోతుందే?" అని అడిగాను.

"అమ్మో! ముసలాణ్ణి నిద్రపుచ్చితే మళ్లీ లేస్తాడో లేదో, పా." మా దగ్గర మగవాళ్లను గౌరవంగా పా అనీ, ఆడవాళ్లను బూ అనీ పిలుస్తాం.

అంతలో కరెంటోళ్లు ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తామని కబురు పెట్టారు. ఆదివారం పొద్దున కరెంటు ఉండదు. జనరేటర్ వార్డులకే చాలీచాలదు. కొత్త డైరెక్టర్ పుర్వంతిని పిలిచి మెత్తగానే చెప్పాడు: "ఆపండి బూ. మళ్లీ లేచి సరిగ్గా పనిచేస్తే సరే. లేదంటే తాత తుక్కులోకి, మీరు రికార్డుల గదిలోకి. ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేద్దాం." ఆరోజు నుంచి ఆ పిల్ల అన్నం సరిగ్గా తినలేదు.

ఆదివారం మా ఆవిడ తుంపెంగ్ చేసి పంపింది. గోపురంలా పోసిన పసుపన్నం, చుట్టూ సోయాగింజలతో చేసి వేపిన టెంపే ముక్కలు, గుడ్లు. మంచి జరగాలంటే మా దగ్గర అది ఉండాల్సిందే. పుర్వంతి దానివైపు చూడనైనా లేదు. అన్నీ వేరే డిస్కుల్లోకి ఎక్కించుకుని, బిస్మిల్లా అనుకుని తాతను ఆపింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు.

మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. బటన్ నొక్కింది. లోపల ఏదో కీచుమంది, ఫ్యాన్ మూలిగింది, తెర మీద అక్షరాలు పరిగెత్తాయి. "లేచాడు పా, లేచాడు!" అని నా చొక్కా పట్టుకుని ఊపేసింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. కొత్త భవనంలోని పిల్లల వార్డు నుంచి ఫోన్: "ఇక్కడ ఒక్క కంప్యూటర్లోనూ ఏమీ కనిపించట్లేదు!" పాత భవనంలో అన్నీ బాగానే ఉన్నాయి. పరుగెత్తుకెళ్లి తీగలన్నీ చూసింది. వచ్చి నేల మీద చతికిలబడింది.

"ఎవరూ ఏమీ మార్చలేదు పా. నాకేం తోచట్లేదు. రికార్డుల గదిలో నాకో కుర్చీ వేయించండి."

నాకు ఒళ్లు మండింది. "ముందు తిను. ఖాళీ కడుపుతో బుర్ర పనిచేస్తుందా?" గోపురం కొన కోసి ఆమె పళ్లెంలో పెట్టాను. "కొత్త భవనం తెరిచిననాటి తుంపెంగ్‌లో కూడా గౌరవంగా ఈ కొన నీకే ఇచ్చారు. ఎంత పిలిచినా వచ్చావా? 'దారి కలిసింది, ఇంకొక్కటి రాసి వస్తా' అని ఒకటే గొణుగుడు. నర్సులు నిన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్లారు."

ఆమె చెంచా గాల్లోనే ఆగిపోయింది. "ఏం రాస్తానన్నాను?"

"నాకేం తెలుసు తల్లీ? మందులిచ్చేవాణ్ణి."

"అయ్యో పా! నేనది రాయనేలేదు!" నెత్తి కొట్టుకుంది. "కొత్త భవనానికి ఎటు వెళ్లాలో ఆరోజు తాతకు నోటిమాటగా చెప్పానంతే. లేవగానే చదువుకునే ఫైల్లో పెట్టలేదు. అన్నం తినడానికి వెళ్లి మళ్లీ ఆ ఊసే మర్చిపోయాను. ఇన్నాళ్లూ మెలకువగా ఉన్నాడు కాబట్టి గుర్తుంది, నిద్రలేచేసరికి పోయింది!"

ఒక్క వరుస రాసింది. పిల్లల వార్డులో అన్నీ వచ్చేశాయి. హమ్మయ్య అని నేను కుర్చీలో వాలానో లేదో, పుర్వంతి అన్ని వార్డులకూ ఫోన్ చేసి కాసేపు కాగితం మీద రాసుకోమంది. మళ్లీ తాతను ఆపబోయింది.

"పిచ్చి పట్టిందా నీకు? బతికి బయటపడ్డాం కదా!"

"ఇప్పుడు రాసింది చదువుకుంటాడో లేదో చూడొద్దా పా? నేను భయపడి నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ తప్పు ఇన్నేళ్లూ బయటపడలేదు."

ఆపింది. నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ అదే కీచు, అదే మూలుగు. పిల్లల వార్డు నర్సు ఫోన్ చేసి "అన్నీ కనిపిస్తున్నాయి" అనేదాకా ఇద్దరం ఊపిరి పీల్చలేదు. పుర్వంతి లేచి, తలుపు మీది అంకెను చేత్తో తుడిచేసి, తీరిగ్గా కూర్చుని నా వాటా టెంపే కూడా తినేసింది. ఆ మనిషి మొహంలో అంత నెమ్మది చూసి ఎన్నాళ్లయిందో!

మర్నాడు డైరెక్టర్ తలుపు దగ్గర ఆగి తొంగిచూశాడు. "లేచాడా బూ?"

"రెండుసార్లు లేచాడు, పా," అంది పుర్వంతి. "ఇకనుంచి నెలనెలా నిద్రపుచ్చుతాను."