నల్లబూజు గోడ

బదిలీ ఉత్తర్వు వచ్చిందని మా హెడ్మాస్టర్ కబురు పంపినప్పుడు నేను పదో తరగతిలో పాఠం చెబుతున్నాను. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లలను చదువుకోమని చెప్పి, వరండాలోకి వచ్చి మొదట మా ఆయనకు ఫోన్ చేశాను. అవతలి నుంచి ఆయన, "ఏమైంది? వచ్చిందా?" అని రెండుసార్లు అడిగాక, "వచ్చింది, రఘునాథపల్లి దగ్గర" అన్నాను.

పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం శని ఆదివారాల మొగుడూ పెళ్లాలమే. ఆయన ఉద్యోగం మొదట మహబూబాబాద్‌లో, తర్వాత జనగామలో. నా బడి భూపాలపల్లిలో. శనివారం సాయంత్రం ఎవరో ఒకరం బస్సెక్కడం, హనుమకొండలో మారడం, ఆదివారం మధ్యాహ్నం నుంచే గడియారం చూసుకోవడం. జనగామలో ఉంటూ రఘునాథపల్లి వైపు బడికి రోజూ పోయి రావచ్చు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చే దారిలో అవసరం లేకపోయినా ఒక కొత్త కుక్కర్ కొన్నాను. ఇద్దరికి వండేది.

నేను అద్దెకున్నది రోడ్డు పక్క ఇంట్లో, పై అంతస్తు. కింద ఇంటి యజమానురాలు ఉండేది. మొగుళ్లపల్లి వైపు ఆసాముల ఇంటి ఆడపడుచు. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి ఈ ఇల్లు చూసుకుంటోంది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, తను టీచరమ్మా అనేది. బదిలీ మాట చెప్పగానే ఆమె సంతోషపడింది, రెండు చేతులా నా బుగ్గలు నిమిరింది. తర్వాత కొంచెం మొహమాటంగా మెట్ల వైపు చూసింది.

"పొయ్యేదానివి నిన్ను అడుగుడు మంచిగుండదు గని, పైన తానాల గది ఒక్కసారి చూద్దామా? నా బిడ్డకు నెలలు నిండినయి. పురుడయినంక ఇక్కడికే తెస్త. కిందనేమో లారీల మోత, పసిపిల్ల నిద్రపోదు. పైననే ఉంచుదామనుకుంటున్న."

ఇద్దరం పైకి వెళ్లి స్నానాల గది తలుపు తీశాం. ముసురు పట్టి చాలా రోజులైంది. టైల్స్ పైన ఉన్న గోడ, పైకప్పు మూల నల్లబడి ఉన్నాయి. మొదట్లో మిరియాల పొడి చల్లినట్టు చుక్కలుండేవి. సబ్బు నీళ్లతో తుడిచేదాన్ని. పోయినట్టే పోయి మళ్లీ వచ్చేవి. ఈ వానాకాలం చుక్కలన్నీ కలిసి పెద్ద మచ్చయ్యాయి. కొక్కేనికి తగిలించిన తువ్వాలు ఎన్నాళ్లకూ ఆరదు, ముక్కిన వాసన వేస్తుంది. నాకు అలవాటైపోయింది. ఆమె కళ్లతో చూసేసరికి మాత్రం ఆ గోడ భయంకరంగా కనిపించింది.

"పసిగుడ్డుకు గీ గదిలనే తానం పోస్తరు. ఎట్ల బిడ్డా?" అంది ఆమె.

"పరేషాన్ కాకు పెద్దమ్మా. నేను పొయ్యేలోపు గోడ సాఫ్ జేసిస్త" అన్నాను. ఆ ఊపులో నాకు ఏ పనైనా చిన్నదిగానే కనిపిస్తోంది. సామాను అట్టపెట్టెల్లో సర్దుతూ పాడుకుంటున్నాను కూడా.

మర్నాడు బడి నుంచి వస్తూ బ్లీచింగ్ పౌడర్ తెచ్చాను. ముక్కుకు చున్నీ కట్టుకొని, తలుపు బార్లా తెరిచి, నీళ్లలో కలిపిన పౌడర్‌ను పాత బ్రష్‌తో గోడ పొడవునా పట్టించాను. కాసేపు నాననివ్వాలని బయటికొచ్చి నిలబడ్డాను. ఇంతలో పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో యాసిడ్ సీసా, మూత అప్పటికే తీసేసి ఉంది.

"గా పొడితోని ఏమైతది? గిది పోస్తే గడియల తెల్లగైతది" అంటూ నేరుగా గదిలోకి నడిచింది.

పరుగెత్తి ఆమె మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, ఆమె బిత్తరపోయింది.

"ఆగు పెద్దమ్మా. గోడకు బ్లీచింగ్ ఉన్నది. దాని మీద గిది పడితే విషగాలి లేస్తది. మనిద్దరం ఈడనే పడిపోతం."

"గంతనా?"

"గంతనే."

ఆమె సీసా వైపు, గోడ వైపు మార్చి మార్చి చూసింది. మూత బిగించి, సీసాను ఒంటికి దూరంగా పట్టుకొని కిందికి తీసుకుపోయి ప్రహరీ మూలన పెట్టింది. తిరిగి వచ్చాక అడిగింది, "బడిల పిల్లలకు గిదే చెప్తవా?"

"గిదే చెప్త."

"మంచిగ చెప్పు. ఆడపిల్లలకు ఇంకా మంచిగ చెప్పు" అంది, మెట్ల మీద కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి తోమి, నీళ్లు కొట్టి కడిగాం. టైల్స్ మెరిశాయి. పై గోడ తెల్లబడకపోయినా నలుపు చాలా వరకు పోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. తెల్లారి చూస్తే గోడ చెమటపట్టినట్టు తడిగా ఉంది. చెయ్యి పెడితే రంగు పొరలు పొరలుగా అరచేతికి అంటుకొచ్చింది. కడిగిన నీళ్లు ఆరే దారి లేదు. అప్పుడు మొదటిసారి తలెత్తి వెంటిలేటర్‌ను సరిగ్గా చూశాను. అద్దాల వెనక ఎప్పుడూ చీకటే. పక్కింటి గోడ అడ్డం ఉందనుకునేదాన్ని. వరండాలోంచి తొంగి చూస్తే పక్కింటి గోడ చాలా దూరంలో ఉంది. వెంటిలేటర్‌కే బయటి నుంచి ఏదో మడిచి అడ్డంగా మొలలు కొట్టి ఉంది.

పెద్దమ్మను పిలిచి చూపించాను. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, గా అడ్డం నేనే కొట్టిచ్చిన. నువ్వు రాకముందు. ఎండకాలం లారీల దుమ్ము లోపలికి వస్తాందని అప్పుడున్నోళ్లు మొత్తుకుంటే, ఎలక్షన్ల ఫ్లెక్సీ ఒకటి దొరికితే మడిచి మొలలు కొట్టిచ్చిన. తర్వాత యాదికే లేదు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నిచ్చెన తెచ్చి వరండా వైపు నుంచి వేశాం. నేను పైకెక్కాను, ఆమె కింద పట్టుకుంది. మొలలు తుప్పుపట్టి ఉన్నాయి. సుత్తి వెనక వైపుతో ఒక్కొక్కటే పీకుతున్నాను. ఫ్లెక్సీ సగం ఊడి, దాని మీది నాయకుడు చేతులు జోడించి తలకిందులుగా వేలాడుతున్నాడు. చివరి మొల పట్టులో ఉండగా పెద్దమ్మ జాకెట్లోని ఫోన్ మోగింది. ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో ఫోన్. అల్లుడు. బిడ్డకు నొప్పులు మొదలయ్యాయి, హనుమకొండ దవాఖానకు తీసుకుపోతున్నారు.

"ఇంకా దినాలున్నయన్నరు కదా" అంటూనే ఆమె నిచ్చెన వదిలేసింది. నేను కిటికీ చువ్వ పట్టుకొని నిలదొక్కుకున్నాను. "దిగు బిడ్డా, దిగు" అని తనే కంగారుపడింది. దిగాక తాళంచెవి నా చేతిలో పెట్టి, మాసిన చీరతోనే బయలుదేరబోతే ఆపి, చీర మార్పించి ఆటో ఎక్కించాను.

"గోడ?" అంది ఆటోలోంచి.

"గోడ సంగతి నేను జూసుకుంట. నువ్వు పిల్లను జూసుకో."

వెనక్కి వచ్చి చివరి మొల పీకాను. ఫ్లెక్సీ జారి కింద పడింది. గదిలోకి వెళ్లి చూస్తే లోపలంతా వెలుతురు. అద్దాల పలకలు పక్కకు తిప్పగానే తడి గాలి రివ్వున వచ్చి తువ్వాలు ఊగింది. ఆ గదిలో పగలు కూడా లైటు వేసుకుని స్నానం చేసిన మనిషిని నేను.

మా ఆయనకు ఫోన్ చేస్తే సెలవు పెట్టి వచ్చేశాడు. భుజానికి సంచి, అందులో సున్నం, పెద్ద బ్రష్.

"ఇల్లు ఖాళీ జేసేటోళ్లు సున్నం ఏసుడు ఏడనన్న ఉన్నదా?" అన్నాడు చొక్కా విప్పుతూనే.

"మనమే మొదలు" అన్నాను.

ఊడిన రంగంతా రేకుముక్కతో గీకేశాం. టేబుల్ ఫ్యాను గుమ్మంలో పెట్టి గోడకు గాలి కొట్టించాం. గోడ ఆరుతున్నంతసేపూ ఆ ఇంట్లో మిగిలిన రెండు గ్లాసుల్లో చాయ్ తాగుతూ అట్టపెట్టెల మధ్య కూర్చున్నాం. ఆయన జనగామ ఇంటి ఫొటోలు చూపించాడు. వంటగది, వరండా, వరండాలోంచి రోడ్డు.

"బాత్రూంకు కిటికీ ఉన్నదా?" అన్నాను.

ఆయన ఆలోచించాడు. "ఉన్నదనుకుంట."

"అనుకుంట అంటే?"

"చూసిన గని, యాదికి లేదు."

"ఫోన్ చెయ్యి."

"కిటికీ కోసమా?"

"కిటికీ కోసమే."

ఆయన నిజంగానే ఆ ఇంటాయనకు ఫోన్ చేశాడు. అవతలి మనిషికి ప్రశ్న అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఫోన్ పెట్టేసి ఆయన గంభీరంగా, "ఉన్నదట. తెరుసుకుంటదట గూడ" అన్నాడు. ఇద్దరం ఎంత నవ్వామంటే చాయ్ ఒలికింది.

సున్నం మొదటి పూత వేస్తుండగా పెద్దమ్మ ఫోన్ వచ్చింది. నా చేతులు తెల్లగా ఉన్నాయి, ఆయన ఫోన్‌ను నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

"ఆడపిల్ల. మంచిగున్నరు ఇద్దరు" అంది. ఆ వెంటనే ఏడుస్తూ నవ్వింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. సున్నం చేత్తో తుడుచుకోబోతే మా ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకుని తన భుజంతో నా మొహం తుడిచాడు. ఆ రోజు రెండో పూత కూడా వేశాం. అంత హుషారుగా మేమిద్దరం కలిసి చేసిన మొదటి ఇంటి పని అదే.

ఆదివారం సామానుకు ట్రాలీ ఆటో వచ్చింది. మంచం, బీరువా ఎక్కించేసరికి ఇంటి ముందు కారు ఆగింది. పెద్దమ్మ, వెనక ఆమె బిడ్డ, ఒడిలో తెల్లటి గుడ్డల మూట. పెద్దమ్మ కూర్చోలేదు, మంచినీళ్లు తాగలేదు. నేరుగా పైకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. ఆమె గోడకు అరచెయ్యి ఆనించి, ఇంకో చోట ఆనించి, పైకప్పు మూల దాకా చూసింది.

"పొడిగున్నది" అంది మెల్లగా.

"కిటికీ మాత్రం ముయ్యకు. దుమ్మొచ్చినా సరే."

"ముయ్య. దుమ్ము తుడుసుకుంట."

పసిపిల్లలకు స్నానం పోసే ముసలవ్వ అప్పటికే వచ్చి కింద ఎదురుచూస్తోంది. ట్రాలీ డ్రైవర్ హారన్ కొట్టాడు. మా ఆయన కింది నుంచి, "పోదామా?" అన్నాడు. "జరసేపు" అన్నాను. ఆయన కూడా పైకి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

అవ్వ పైకొచ్చి ఆ గదిలో పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పిల్లను వాటి మీద పడుకోబెట్టుకుంది. గోరువెచ్చని నీళ్లు పడగానే పిల్ల కెవ్వుమంది. ఆవిరి లేచి కిటికీలోంచి బయటికి వెళ్లిపోతోంది. నేను ఆ ఆవిరినే చూస్తున్నాను. పిల్ల తల్లి గోడకు ఆనుకుని నిలబడి నవ్వుతోంది. ఆమె వీపుకు అంటిన సున్నాన్ని మా ఆయన నాకు కళ్లతోనే చూపించాడు.

పిల్లకు సాంబ్రాణి పొగ వేసి, మెత్తటి బట్టలో చుట్టి నా చేతికిచ్చారు. బరువే లేదు. కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. పెద్దమ్మ నాకు బొట్టు పెట్టి, చీర పెట్టి, "ఇద్దరు ఒక్కతాన ఉండుండ్రి" అంది.

ట్రాలీలో ముందు సీటు మీద డ్రైవర్ పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. వాన సన్నగా పడుతూనే ఉంది. చెల్పూర్ దాటేసరికి ఆయన నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. మర్నాడు సోమవారం. ఎన్నో సోమవారాలు తెల్లవారుజాము బస్సుల్లో నిద్ర చాలక తూగిన మనిషి. నేను మాత్రం కన్ను మూయలేదు. జనగామ వెళ్లగానే ఏ పెట్టె ముందు విప్పాలో, పొద్దున ఏ టిఫిన్ చెయ్యాలో, ఇద్దరం ఒకే తలుపుకు తాళం వేసి ఎవరి పనికి వాళ్లం ఎలా బయలుదేరతామో అనుకుంటూ దారి పొడవునా మేల్కొనే ఉన్నాను.