వసంత కోసం కట్టిన ఏడుపు

ఆరేళ్లుగా ఆ అద్దాల బిల్డింగు ఏడో అంతస్తు తుడుస్తున్నా, స్వప్న గొంతు ఎట్లా ఉంటుందో అక్కడ నలుగురికి మించి తెలియదు. పిలిస్తే తలూపేది. అడిగితే రెండు ముక్కల్లో చెప్పేది. కళ్లు మాత్రం ఊరుకునేవి కావు. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరు బాత్రూంలో ఏడ్చి ముఖం కడుక్కుని మీటింగుకు పోతారో, ఏ జంట ఒక్క డబ్బాలో తినడం మానేసి వేరే బల్లలకు పోయిందో, అన్నీ ఆమెకు తెలుసు.

సగం మంది ఇంటి నుంచే పని చేయడం మొదలుపెట్టాక ఆ అంతస్తు సగం ఖాళీ అయింది. శని, ఆదివారాల్లో దాన్ని షూటింగులకు ఇచ్చేవాళ్లు. అట్లా వచ్చిందే ‘మా టీమ్‌లో పాటగాళ్లు’ అనే సీరియల్. సాఫ్ట్‌వేర్ పిల్లలు ప్రేమించుకోవడం, విడిపోవడం, దెబ్బలు తిని బుద్ధి తెచ్చుకోవడం. అంతా నవ్వులాట. ఎపిసోడ్‌కు ఒక పాట.

దాన్ని రాసే అమ్మాయి రసజ్ఞ, కాకినాడ వైపు పిల్ల. ఆ బిల్డింగులో స్వప్నను పేరుతో పిలిచి “తిన్నావా?” అని అడిగిన మొదటి మనిషి. ఒక ఆదివారం పొద్దున ప్యాంట్రీలో తల పట్టుకుని కూర్చుంది.

“అయిదో ఎపిసోడ్‌కి ఏడుపు పాట కావాలి స్వప్నా. మా వాళ్లు ఏ ట్యూన్ కట్టినా సినిమా ఏడుపులాగే ఉంటోంది. మీ ఊళ్లో ఆడవాళ్లు నిజంగా ఎలా ఏడుస్తారు?”

“మాటలు కట్టుకుంట ఏడుస్తరు మేడం.”

“అంటే? ఒకటి పాడవా?”

స్వప్న చేతిలోని గుడ్డను మడత పెట్టింది, విప్పింది. వాళ్ల ఊళ్లో మనిషి చచ్చిపోతే ఆ ఇంటి ఆడమనిషి పీనుగ పక్కన కూర్చుని, ఆ మనిషి పేరు పెట్టి, ఆ మనిషి తిన్నదీ కట్టిందీ నడిచిందీ అన్నీ మాటల్లో కట్టి ఏడుస్తుంది. ఎవరి మీద కట్టిన ఏడుపు వాళ్లదే. దాన్ని ఇంకొకరి చావుకు వాడరు. ఊరికే ఇంట్లో అసలు పాడరు, పాడితే ఆ ఇంట్లో ఇంకో పీనుగ లేస్తుందని భయం. చచ్చినవాళ్లకు అన్నం పెట్టే పెత్రమాస నాడు మాత్రం, ఆ కన్నతల్లో, కట్టుకున్న పెండ్లామో ఆ ఏడుపునే మళ్లీ ఎత్తుకుంటుంది.

స్వప్నకు పూర్తిగా వచ్చిన ఏడుపు ఒక్కటే. అక్క వసంతది. వసంత గోపన్‌పల్లిలో అపార్ట్‌మెంట్లు కట్టే పనికి వచ్చి, డెంగీ జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. అప్పుడు స్వప్న తొమ్మిదో తరగతి. తల్లి అంజమ్మ పీనుగ పక్కన కూర్చుని కట్టిన మాటలు ఒక్కటి కూడా పోకుండా ఆమెలో ఉండిపోయాయి. బడి అక్కడితో పోయింది.

ప్యాంట్రీ చుట్టూ చూసింది. ఇక్కడ పొయ్యి లేదు. ఎవరూ పండుకోరు. దీపం పెట్టరు. ఇది ఇల్లు కాదు గద, ఏం కాదులే అనుకుంది. “మా అక్క మీద మా అమ్మ ఏడ్చింది” అని చెప్పి, ముఖం నీళ్ల మిషన్ వైపు తిప్పుకుని ఎత్తుకుంది.

*లే బిడ్డా వసంతా, పొద్దెక్కె బిడ్డా*
*మేస్త్రి పిలుస్తుండు, పలుకవేందె బిడ్డా*
*సద్ది గడితి బిడ్డా, నువ్వు ముట్టకపోతివి*
*నీ చెప్పులు గడప కాడనే, నువ్వెట్ల పోతివి బిడ్డా*

ముగించి వెనక్కి తిరిగేసరికి రసజ్ఞ కళ్లు తుడుచుకుంటోంది. బల్ల మీద ఫోను వెలుగుతోంది.

“రికార్డు చేశాను. ఇది వాడుకోనా?”

“తీస్కోండి మేడం.”

ఆ రోజు షేర్ ఆటోలో, నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో తల్లితో ఉండే గదికి పోతూ స్వప్న తనలో తానే నవ్వుకుంది. ఇంత పెద్ద పట్నంలో వసంత కోసం ఏడ్చేది తనూ అమ్మా ఇద్దరే అనుకుంది ఇన్నాళ్లూ. ఇవాళ మూడో మనిషి ఏడ్చింది.

శ్రావణంలో ఆ ఎపిసోడ్ వచ్చింది. ఆదివారం పగటి పూట పక్క గది అనూష ఫోను పట్టుకుని ఉరికొచ్చింది.

“ఓ అంజమ్మత్తా! నీ బిడ్డ పేరు పడ్డదే టీవీల! మా ఆయన చూపిచ్చిండు. మూతి ఇప్పని పిల్ల, పాటలు రాస్తుందంట పాట!”

“మా స్వప్ననా? అది కూర కొనను పోయి ధర అడగనీకే సిగ్గుపడ్తది” అంది అంజమ్మ. అన్నదే గానీ చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు జరిగి కూర్చుంది. స్వప్న తల్లి భుజం మీదుగా ఫోనులోకి వంగింది, కొంత సంతోషంతో, కొంత ఇంకేదో.

కథలో హీరోయిన్‌తో నాలుగేళ్లు తిరిగిన పిల్లగాడు ఆమెను వదిలేశాడు. వాళ్లిద్దరి ఫొటోలూ ముచ్చట్లూ ఆమె లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ లాప్‌టాప్ ఆగిపోయింది. ఆమె దాన్ని బల్ల మీద పండబెట్టి, పక్కన కూలబడి, జుట్టు విరబోసుకుని ఎత్తుకుంది.

*లేవే తల్లీ లాప్‌టాపూ, లాగిన్ టైమాయె తల్లీ*
*మేనేజరు పిలుస్తుండు, పలుకవేందె తల్లీ*
*చార్జింగు పెడ్తి తల్లీ, నువ్వు ఎక్కకపోతివి*
*నీ మౌసు బల్ల మీదనే, నువ్వెట్ల పోతివి తల్లీ*

చుట్టూ పదిమంది, మెడలో ఐడీ కార్డులతో, రొమ్ములు బాదుకుంటూ వంత పాడారు. ఒకడు లాప్‌టాప్‌కు దండ వేశాడు. ఇంకొకడు ముందు కుండ పట్టుకుని ప్రింటర్ చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. తర్వాత ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, పోయింది పోయిందే, నేను పెరగాలి అని ఏదో మంచి మాట చెప్పింది. అనూష కడుపు పట్టుకుని నవ్వింది. “అయ్యో, సచ్చిపోతనే నవ్వి నవ్వి!”

చివర్లో తెర మీద అక్షరాలు పడ్డాయి. ‘పాటకు మూలం అందించిన స్వప్న గారికి కృతజ్ఞతలు.’ అనూష గట్టిగా చదివింది.

అంజమ్మ నవ్వలేదు, తిట్టలేదు. “ఇంకొక్కసారి పెట్టు” అంది. రెండోసారి కూడా రెప్ప కొట్టకుండా చూసింది. అనూష పోయాక అడిగింది.

“ఏడ పాడినవే?”

“ఇంట్ల పాడలే అమ్మా. ఆఫీసుల.”

“పొయ్యి లేని జాగ అని పాడినవు.”

స్వప్న తల దించుకుంది. తన మనసులో అనుకున్నదే తల్లి నోట్లోంచి వచ్చింది.

“చావు లేస్తదనే గద మనకు భయం?” అంది అంజమ్మ. “ఎవ్వలు చావలే. చచ్చిందాన్నే మళ్లొకసారి లేపి నవ్విండ్రు.”

అంతే. ఇగ ఆ ముచ్చట ఎత్తలేదు. ఎత్తితే బాగుండు అనుకుంది స్వప్న. బయట మాత్రం ఆ పాట ఆగలేదు. షేర్ ఆటోల్లో, టీ కొట్ల దగ్గర, ఏడో అంతస్తులో కూడా. సిస్టమ్ ఆగిపోతే చాలు, ఒకడు ‘పలుకవేందె తల్లీ’ అనేవాడు, నలుగురు రొమ్ము బాదుకునేవాళ్లు. స్వప్న వాళ్ల కాళ్ల కింద మాప్ తిప్పేది. సూపర్‌వైజర్ రంగనాథ్ అందరి ముందూ అన్నాడు: “ఏందమ్మా రైటర్ మేడం! ఇగ మాప్ పడ్తవా, మైకు పడ్తవా?”

తర్వాతి శనివారం రసజ్ఞ కనిపించగానే స్వప్న దారికి అడ్డం నిలబడింది. జన్మలో ఎవరికీ అట్లా అడ్డం నిలబడలేదు.

“మేడం, ఆ పాట తీసెయ్యుండ్రి.”

“అయ్యో, ఏమైంది? పేరు వెయ్యలేదనుకున్నావా? వేశాం, చివర్లో చూడు.”

“చూసిన మేడం. అది మా అక్క మీద ఏడ్చింది.”

“తెలుసు స్వప్నా. అందుకే కదా అంత బాగా వచ్చింది. పైకి నవ్వుగా ఉన్నా లోపల ఎంత బాధ ఉందో చూడలేదా? ఆ సీన్ రాస్తూ నేను ఏడ్చాను, తెలుసా?”

“నువ్వు ఏడ్సినవు మేడం. చూసేటోళ్లు నవ్వుతుండ్రు.”

 రసజ్ఞ ముఖంలో నిజంగానే నొప్పి కనిపించింది. స్వప్నకు అదే ఎక్కువ కష్టమైంది. చెడ్డ మనిషైతే రెండు మాటలు అనేది.

“ఇప్పుడు తీసే అధికారం నాకు లేదు. అడిగి చూస్తాను, కానీ తియ్యరు. ఇంతమంది చూస్తున్న ఎపిసోడ్ అదొక్కటే. అయినా ఆ రోజు నిన్ను అడిగాను కదా, తీస్కోండి అన్నావు.”

అన్నది. కాదనలేదు. స్వప్న పక్కకు జరిగి దారి ఇచ్చింది.

నెలన్నరకు పెత్రమాస వచ్చింది. పొద్దున్నే అంజమ్మ తలంటుకుని, వసంత ఫొటోకు బొట్టు పెట్టి, విస్తరిలో అన్నం, పప్పు, వంకాయ కూర, గారెలు వడ్డించింది. ఏటా లాగే అనూష వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చేటప్పుడు ఒంటరిగా వదలకూడదని ఎవరో ఒకరు కూర్చుంటారు. స్వప్న తలుపు దగ్గర నిలబడి తల్లి గొంతునే చూస్తోంది. తల్లి ఏడిస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయి అనుకుంది. తన తప్పు కూడా.

అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎత్తుకుంది.

*లే బిడ్డా వసంతా, పొద్దెక్కె బిడ్డా...*

అనూష కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నది స్వప్న ఒక్క క్షణం. భుజాలు చూసింది. ఏడ్చే భుజాలు అట్లా ఎగరవు. అనూష కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, “తప్పైంది అత్తా, తప్పైంది, అదే యాదికొస్తుంది, ఆగుత లేదు” అంటూ లేచి బయటికి ఉరికింది. మెట్ల దగ్గర ఆమె నవ్వు వినిపించింది.

స్వప్న గబగబా పోయి తలుపు వేసింది. “దానికి బుద్ధి లేదమ్మా. నువ్వు ఏడువు.”

“దాన్నేమనకు” అంది అంజమ్మ. ఫొటో వైపే చూస్తోంది. “నాకు సుత గదే వస్తుంది. మేస్త్రి అందామని నోరు తెరుస్తున్న, మేనేజరు అని వస్తుంది. సద్ది అందామంటే ఆ వైర్లు కనపడుతున్నయి. నా బిడ్డ ముఖం కనపడత లేదు.”

“ఆ టీవీ పాట మరిచిపోతవమ్మా. జర ఆగు.”

“నువ్వు ఏడువరాదు. ఆళ్లకు చెప్పినవు గద, నీకు మంచిగ యాదికున్నట్టుంది.”

స్వప్న తల్లి పక్కన కూర్చుంది. నోరు తెరిచింది. గొంతులోంచి గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. అంజమ్మ ఆమె నోటి వైపే ఎదురుచూసింది, చివరికి ముఖం తిప్పుకుంది.

అన్నం చల్లారింది. గారెల మీద ఈగ వాలితే అంజమ్మ చేత్తో తోలింది.

“కొత్తది కట్టరాదమ్మా” అంది స్వప్న, మెల్లగా.

“పీనుగ ముందల లేకుంట ఏం గడ్తనే?” అంది అంజమ్మ.

విస్తరి ఎత్తుకుని, కాకులకు పెట్టడానికి మేడ మెట్లెక్కింది.