తాటినార బ్రష్షులు నేర్పిన ఊరు

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో నాకు ఉద్యోగం దొరికింది. అల్లూరు దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టి, ఎస్సెల్సీ దాకా చదివి, ప్రభుత్వం వాళ్లు పంపితే ఏడాదిపాటు చేతిపనుల శిక్షణ పూర్తిచేసినదాన్ని. బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో ఆడవాళ్లకు తాటినారతో బ్రష్షులు చేయడం నేర్పమన్నారు. నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు.

ఆ తీరమంతా తాటిచెట్లే. మట్టల మొదళ్లు నలగ్గొట్టి నార తీసి, కట్టలు కట్టి గూడూరు వర్తకుడికి వేయడం ఆ ఊరివాళ్లకు ముందునుంచీ తెలుసు. ఆ నార మద్రాసులో ఓడెక్కి విదేశాలకు పోయేది. అక్కడ బ్రష్షులై మంచి ధరకు అమ్ముడుపోయేది. ఊళ్లో మిగిలేది నార కొట్టిన కూలి మాత్రమే.

కేంద్రం తెరిచిన రోజు సమితిలో పరిశ్రమలు చూసే ఆఫీసరు వచ్చి మాట్లాడాడు. "సరుకు మనది, పనితనం వాళ్లది. అందుకే లాభం వాళ్లది. మీకు పని నేర్పుతాం. నేర్చుకున్నాక సొసైటీ పెట్టుకుంటే పనిముట్లకు అప్పిస్తాం, అందులో కొంత మాఫీ చేస్తాం. ఇట్లా ఊరూరా జరిగితే రాష్ట్రం తన కాళ్ల మీద తను నిలబడుతుంది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నమ్మే చెప్పాడు. నేనూ నమ్మాను.

తాటాకుల పాకలో పన్నెండుమంది చేరారు. సగం మంది నెలనెలా ఇచ్చే స్టైఫండు కోసమే వచ్చారు, అందులో తప్పేమీ లేదు. పని కోసం వచ్చినవాళ్లలో ముప్పై అయిదేళ్ల విధవరాలు ఒకామె ఉండేది. మొగుడు కామెర్లతో పోయాడు. ఉప్పుచేపల గంప నెత్తిన పెట్టుకొని ఊళ్లు తిరిగి అమ్ముకునేది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె నన్ను టీచరమ్మా అనేది.

చెక్కకు వరసగా బెజ్జాలు తొలవాలి. నారను ఇనుప పళ్ల మీద దువ్వి, ఒకే పొడుగు కుచ్చులు చేసి, ఒక్కో కుచ్చును తీగతో బెజ్జంలోకి లాగి బిగించాలి. బెజ్జాల మధ్య దూరం తప్పితే చెక్క చీలిపోతుంది. కొలవాలంటే అంకెలు రావాలి. అందుకని రోజూ పని మొదలుపెట్టే ముందు గంటసేపు పలకలు పట్టించేదాన్ని. అక్క అక్షరాల కంటే ముందు స్కేలు మీది గీతలు నేర్చుకుంది. మూడో నెలకల్లా నా తప్పులు దిద్దడం మొదలుపెట్టింది.

"టీచరమ్మా, ఎండిన నారను వంచితే విరగదా? కాస్త తడిపి వంచు" అంది ఒకరోజు. అది నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. తడిపి చూశాం. ఒక్క పోగూ విరగలేదు.

నెల్లూరులో ఒక ఆసుపత్రివాళ్లు నేల కడిగే బ్రష్షులు నలభై కొన్నారు. సరుకు బండికెత్తిన రోజు అక్క ఇసుకలో చాలా దూరం బండి వెంట నడిచింది. తిరిగొచ్చి, "మన చేత్తో చేసింది నెల్లూరుకు పోయింది గదా" అంది. ఆ రోజు పాకలో అందరం బొరుగులు తిన్నాం. ఆ ఊళ్లో నేను చూసిన సంతోషం అదే.

పది నెలలు అయిపోయాయి. పన్నెండుమందికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. స్టైఫండు ఆగింది. సొసైటీ అప్పుకు దరఖాస్తు రాసి నేనే సమితి ఆఫీసుకు తీసుకెళ్లాను. ఆఫీసరు కాగితాలు తిరగేసి తల పట్టుకున్నాడు.

"హామీకి ఇళ్ల పట్టాలు కావాలమ్మా."

"వాళ్ల గుడిసెలు ప్రభుత్వం భూమిలో ఉన్నాయి సార్. పట్టాలు ఎట్లా వస్తాయి?"

"నాకు తెలియదా? శిక్షణ ఇచ్చే శాఖ వేరు, అప్పిచ్చే శాఖ వేరు. వాళ్ల నిబంధన వాళ్లది."

నాలుగుసార్లు తిరిగాను. పని తేలలేదు. ఈలోగా ఆడవాళ్లు మళ్లీ గంపలెత్తుకున్నారు. అప్పుడు వచ్చాడు గూడూరు వర్తకుడు. తెల్లటి పంచె, మెత్తటి మాట. కొత్తగా పరిశ్రమ పెట్టేవాళ్లకు ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిస్తుందట, యంత్రాలకు సబ్సిడీ ఇస్తుందట, బజార్లో దొరకని తీగను కంట్రోలు ధరకు పర్మిట్టు మీద ఇస్తుందట. ఆయనకు భవనం ఉంది, పట్టా ఉంది. లేనిదల్లా పని తెలిసినవాళ్లు.

"శిక్షణ పొందినవాళ్లను పెట్టుకుంటేనే సాయం ఇస్తారంట. మీరు చెప్తే వింటారు టీచరమ్మ గారూ. వాళ్ల బతుకూ బాగుపడుతుంది" అన్నాడు.

నాకు అది దేవుడు తెరిచిన దారిలా కనిపించింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఆరుగురు రాలేమన్నారు, అయిదుగురు ఒప్పుకున్నారు. అక్క మాత్రం వెంటనే ఒప్పుకోలేదు.

"నార తూకంలో ఆయప్ప ఎట్టా కోసేదీ మేం చూసినోళ్లమే. ఆయప్పను నమ్మమంటావా?"

"అది వ్యాపారం అక్కా. ఇది ప్రభుత్వం సొమ్ముతో పెట్టే ఫ్యాక్టరీ. లెక్క చెప్పాలి, చూసేవాళ్లుంటారు."

"నువ్వు చెప్తున్నావు గాబట్టి పోతా" అని సర్టిఫికెట్టు పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టింది. ఆరు సర్టిఫికెట్లు నేనే తీసుకెళ్లి ఆయనకు ఇచ్చాను.

ఎనిమిది నెలల తర్వాత గూడూరు వెళ్లాను. రైలు దిగి నిమ్మకాయల మార్కెట్టు దాటి అడిగితే షెడ్డు చూపించారు. గుమ్మం పైన బోర్డు ఉంది. లోపల ఒక మూల రెండు యంత్రాలు గోనెపట్టాలు కప్పుకొని ఉన్నాయి. మిగతా షెడ్డంతా నార కట్టలు, పైకప్పు దాకా. ఆడవాళ్లు వరసగా కూర్చొని నార దువ్వుతున్నారు. మనిషికి మనిషి కనబడనంత దుమ్ము. అక్కను నేను గుర్తుపట్టలేదు, ఆమే పిలిచింది.

"బ్రష్షులు ఏవి అక్కా?" అన్నాను.

"చేసినాం, మొదటి నెల. ఆఫీసరోళ్లు వచ్చి చూసి పోయినారు. ఆ మర్నాటి నుంచీ దువ్వడమే. దువ్విన నార మద్రాసుకు పోతాది."

"మరి తీగ?"

"తీగె వస్తాది, పోతాది. మేం ముట్టుకొనిందే లేదు."

బ్రష్షుల కోసం ఇచ్చిన తీగ వచ్చినంతా ఎక్కువ ధరకు బజారుకు పోతోంది. బ్రష్షు చేసి అమ్మడం కంటే తీగ అమ్మడంలో లాభం ఎక్కువని ఆయనకు పరిశ్రమ పెట్టకముందే తెలుసు. నాకే తెలియదు. పక్క గదిలో ఉన్నాడని వెళ్లి అడిగాను. ఆయన కోపగించుకోలేదు, కుర్చీ చూపించాడు.

"బ్రష్షులు ఎవరు కొంటారమ్మా? మీరు కొనిపించండి, రేపే చేయిస్తా. వాళ్లకు పని ఇచ్చానా లేదా?"

నలభై బ్రష్షులు కొన్న ఆసుపత్రి మళ్లీ కొనలేదు. వాళ్లకు కావలసినవి బొంబాయి నుంచి చవగ్గా వస్తున్నాయట.

"వచ్చెయ్యి అక్కా, ఊరికి పోదాం" అన్నాను బయటికొచ్చి. ఆమె దగ్గి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"పోయి ఏం జేసేది? నేను చేపలేసే ఇళ్లన్నీ ఇంకోళ్లు పట్టుకున్నారు. ఏమీ నేర్చుకోకుండా ఉంటే ఈ దువ్వుడు నాకు కష్టంగా ఉండేది గాదు టీచరమ్మా. వేళ్లు ఊరుకోవు. కుచ్చు కట్టబోతాయి."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చి పై అధికారులకు అర్జీ రాశాను. చాలా నెలలకు జవాబు వచ్చింది. పరిశ్రమ సంతృప్తికరంగా నడుస్తోందని, శిక్షణ పొందిన ఆరుగురికీ ఉపాధి దొరికిందని ఉంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కొన్నాళ్లకే నన్ను ఇంకో తీర గ్రామానికి మార్చారు. పెద్ద మనసున్న మా ఆఫీసరు, "మనసులో పెట్టుకోకు, నీ పని నేర్పడం వరకే" అన్నాడు. నాన్న పక్షవాతం వచ్చి మంచాన ఉన్నాడు, ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. ఉద్యోగం వదల్లేకపోయాను. కొత్త ఊళ్లో ఇంకో పన్నెండుమందికి పలకలు పంచాను. వాళ్లలో చురుకైనవాళ్లు కనబడితే నాకు భయమేసేది. వాళ్లకు తక్కువ నేర్పానేమో కూడా, ఇప్పటికీ చెప్పలేను.

శిక్షణ ఇచ్చే శాఖ, అప్పిచ్చే శాఖ, సరుకు కొనే ఆఫీసు ఒక్కసారైనా ఒక బల్ల దగ్గర కూర్చొని ఉంటే ఏమయ్యేదో అని తర్వాత చాలా ఏళ్లు ఆలోచించాను. ఆలోచన వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

అక్క పోయిన సంగతి నాకు రెండేళ్లు ఆలస్యంగా తెలిసింది. కావలి బస్సులో చేపలమ్మే ఆమె ఎవరో, నన్ను ఎరిగినట్టు చూసి చెప్పింది. ఆయాసంతో గూడూరులోనే పోయిందట, ఊరికి తెచ్చేవాళ్లు లేక అక్కడే మట్టి చేశారట. "నిన్నెప్పుడూ ఏమీ అనలేదులే" అంది ఆమె, నా ముఖం చూసి. ఆమె గంపకు చోటు ఇచ్చి పక్కకు జరిగాను.